మా కోడలు ఏం పని చేస్తదంటే

పాల్మాకుల,
29 జూన్ 2025, ఆదివారం

యాదగిరి మామకు,

నువ్వూ లచ్చమ్మత్తా మేస్త్రి పనికి నల్లమలకు పోయి పదిహేను రోజులైంది. హాస్టల్ కట్టే చోట ఫోన్‌కు సిగ్నల్ లేదని మొగులయ్యన్న చెబితే అమ్మ నమ్మలేదు. “ఈ కాలంల సిగ్నల్ లేని జాగ ఉంటదా? మా తమ్ముడు ఫోన్ల పైసలు ఏపిచ్చుకోలే, గంతే” అంది. చివరికి మొగులయ్యన్నే ఉపాయం చెప్పాడు. ఆయన డీసీఎం బండి ప్రతి సోమవారం సిమెంటు, సలాకలు వేసుకుని శంషాబాద్ నుంచి మీ దగ్గరికి వస్తుంది, గురువారం తిరిగొస్తుంది కదా. “రాసియ్యు చెల్లె, పట్టుకపోయి చేతికిస్త” అన్నాడు. పదో తరగతి తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే. అప్పుడు రాసింది కూడా హెడ్మాస్టరుకు సెలవు చీటీ.

అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు.

ఇక అసలు సంగతి. నువ్వక్కడ కనిపించిన ప్రతి మనిషికీ “మా మేనకోడలు విమానాల కాడ పెద్ద ఇంజనీరు” అని చెబుతున్నావట. మొగులయ్యన్న నవ్వుకుంటూ చెప్పాడు. మామా, నీకు దండం పెడతాను, ఆ మాట ఆపు. నేను విమానాల దగ్గర లేను. శంషాబాద్‌లో టైర్ల దుకాణం పైన రెండో అంతస్తు ఆఫీసులో ఉన్నాను. మేం పద్నాలుగు మందిమి. మందుల పెట్టెలు విమానం ఎక్కేలోపు దాచిపెట్టే చల్లటి గోదాములుంటాయి కదా, వాటిలో ఒకదానికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. లోపల వేడి పెరిగితే అది ఫోన్లకు గంట కొడుతుంది. నేను చదివింది బీఎస్సీ. నా కార్డు మీద ఉన్నది సాఫ్ట్‌వేర్ డెవలపర్ అని. ఇంజనీర్ అని లేదు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే తల ఎక్కడ పెట్టుకోను?

అత్తను వేళకు తినమను.

నీ కోడలు,
మాధవీలత


నల్లమల, హాస్టల్ సైటు
2 జూలై 2025

మాధవికి మీ మామ రాయంగ,

నీ కాయితం ముట్టింది. మీ అత్త రెండుసార్లు చదివిచ్చుకున్నది. ఈడ మేం మంచిగనే ఉన్నం. కోతులే జర పరేషాన్ చేస్తున్నయి, నిన్న నా తాపీ ఎత్తుకపోయి చెట్టెక్కి కూసున్నది ఒకటి. ఇంకోటి, మన ఊర్లె నెత్తి మీదికెల్లి ఇమానం పోకుంటె నాకు నిద్ర వడ్తలేదు. గంత సప్పుడుకు అలవాటైనం సూడు.

గని నీ కాయితంల ఒక ముచ్చట నాకు నచ్చలే. ఎవడు దించిండు నీ పేరు? ఇంజనీరు అని చెప్పినోళ్లే డెవలపర్ చేసిన్రా? డెవలపర్ అంటే మన దిక్కు ఎవరో నీకు తెల్వదా? పొలాలల్ల రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, ప్లాట్లు అమ్మేటోడు. నా కోడలు గా పని చేస్తదా? నువ్వేమన్న తప్పు చేసినవా? చేస్తె నాకు చెప్పు, నేను ఒగలకు చెప్ప.

ఈడ అరుణ అని టీచరమ్మ ఉన్నది. గూడెం ఆడపిల్లలకు చదువు చెప్తది, హాస్టల్ అయినంక ఆమెనే సూసుకుంటది. నేను చెప్పిన మాట పట్టుకోని ఆమె పిల్లలకు చెప్పింది, “సూడున్రి, మేస్త్రి కోడలు ఇంజనీరయింది, మీరు గూడ చదువున్రి” అని. ఇప్పుడు పోయి కాదమ్మా అంటె నా మొకం ఏం గావాలె?

అసలు మీ పనిల ఇన్ని పేర్లు ఎందుకు బిడ్డా? నాకు సమజయ్యే తీరుగ రాయి. కట్టుడు పనిల పెట్టి చెప్పు, అప్పుడు నాకు ఎక్కుతది. రేపు ఎవరన్న “మీ కోడలు ఏం పని చేస్తది?” అంటె నేను ఏం చెప్పాలె, గది ఒక్కటి తేల్చు.

మీ అత్త ఉసిరికాయ తొక్కు పంపుతున్నది. మొగులయ్య తొవ్వల తింటడేమో, సీసా లెక్క సూస్కో.

యాదగిరి


పాల్మాకుల,
13 జూలై 2025, ఆదివారం

మామా,

తొక్కు సగం సీసానే వచ్చింది. మొగులయ్యన్నను అడిగితే బండి కుదుపులకు ఒలికిందన్నాడు. ఆయన చొక్కా మీద మరకైతే లేదు మరి.

నా పేరు ఎవరూ దించలేదు. మొదటి నుంచీ డెవలపర్‌నే. ఇంజనీరని చెప్పింది నువ్వే, నమ్మింది కూడా నువ్వే.

నువ్వడిగినట్టే కట్టుడు పనిలో పెట్టి చెబుతాను. మా దగ్గర కోడర్ అని ఒక మాట ఉంది. ఇక్కడ ఇటుక పెట్టు అంటే అక్కడ పెట్టే మనిషి. గోడ ఎందుకో ఆయన అడగడు, అడిగితే మేస్త్రి కసురుతాడు. కానీ చెయ్యి తిరిగిన కోడర్ కట్టిన వరస చూస్తే ముచ్చటేస్తుంది, తక్కువ మనిషని అనుకోకు. ప్రోగ్రామర్ అన్నది పాత మాట. మా ఆఫీసులో అరవై ఏళ్ల సార్ ఒకాయన ఉన్నారు, ఇప్పటికీ తను ప్రోగ్రామర్‌నేనని ఛాతీ విరుచుకుని చెబుతారు. గోడ ఎందుకు, తలుపు ఎటు, గాలి ఎటు నుంచి వస్తుంది అని ముందు కూర్చుని ఆలోచించి, తర్వాత తాపీ పట్టే మనిషి అన్నమాట. డెవలపర్ అంటే ఓనర్‌తో మాట్లాడి, ఆయనకు ఏం కావాలో ఆయనకంటే ముందు అర్థం చేసుకుని, పునాది నుంచి తాళంచెవి ఇచ్చేదాకా ఉండే మనిషి. అంటే నువ్వే. నిజంగా మామా, మా ఆఫీసుకు వస్తే నీ కార్డు మీద డెవలపర్ అనే రాస్తారు.

ఆర్కిటెక్ట్ నక్ష గీస్తాడు. మంచి ఆర్కిటెక్ట్ అప్పుడప్పుడూ ఇటుకలు మోసి చూస్తాడు, మిగతావాళ్లు గీసి పోతారు. ఇంజనీర్ అంటే, ఇది ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ కూలుతుంది, కూలితే కింద ఎవరుంటారు అని ముందే అడిగే మనిషి అయ్యుండాలి. అయ్యుండాలి అంటున్నాను, ఎందుకంటే మీ దగ్గర ఇంజనీర్ కావాలంటే దానికో చదువుంది, ముద్ర ఉంది. మా దగ్గర ఎవరికి ఏ పేరు తగిలించినా అడిగే దిక్కు లేదు. జీతం పెంచలేకపోతే పేరు పెంచుతారు.

ఒకరిని మరిచిపోయాను. మా దగ్గర నిర్మలక్క ఉంది, టెస్టర్. నువ్వు స్లాబ్ మీద నీళ్లు కట్టి ఎక్కడ కారుతుందో చూస్తావే, ఆ పని ఆమెది. మేం రాసినదాన్ని చెడగొట్టి చూస్తుంది. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కకు వస్తే నాకు గుండె దడ. “మాధవీ, ఒక చిన్న డౌటు” అంటుంది. ఆ చిన్న డౌటుకు నాకు రెండు రోజులు పడుతుంది. ఆఫీసులో ఆమెను మెచ్చుకునేవాళ్లు తక్కువ, తప్పించుకుని తిరిగేవాళ్లు ఎక్కువ.

నాన్న చనిపోయిన ఏడాది నువ్వు మిగిలిపోయిన షాబాద్ బండ తెచ్చి, గోడకు ఆనించి నాకు చదువుకునే బల్ల కట్టించావు. ఇప్పుడు ఇంట్లో పని చేసేటప్పుడు కంప్యూటర్ దాని మీదే పెడతాను. పదేళ్లయినా ఇసుమంత కదల్లేదు. ఈ మాట ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు, కాగితం మీద సిగ్గు తక్కువ కాబట్టి చెబుతున్నాను. నేను ఏ పేరుతో ఉన్నా ఆ బండ మీద నిలబడే ఉన్నాను మామా.

ఇట్లు,
డెవలపర్ మాధవీలత
(ప్లాట్లు అమ్మబడవు)


పాల్మాకుల,
20 జూలై 2025, ఆదివారం

మామా, మామా,

నీ నోటి మాట పొల్లుపోలేదు! మా బాస్ శివశంకర్ సార్ నిన్న పిలిచి, నన్ను ‘సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ చేశానని చెప్పారు. రెండు వందల కార్డులు కొట్టించేశారు కూడా. నల్లటి అక్షరాలు, చేత్తో తడిమితే వేలికి తగులుతున్నాయి. ఒకటి నీకు ఇందులో పెడుతున్నాను.

ఆగస్టు ఒకటి, శ్రావణ శుక్రవారం, గోదాం ఓపెనింగ్. ఓనర్ పంతులుతో ముహూర్తం పెట్టించాడు. అంతకుముందే మా సాఫ్ట్‌వేర్ సరిగా ఉందని ఒక ఇంజనీర్ సంతకం చేసి ఇవ్వాలట. ఆ సంతకం నాది! అమ్మ ఇప్పటికే వాడకట్టంతా చెప్పేసింది.

ఇప్పుడు టీచరమ్మ ముందు నీ మొకం నిలబడింది కదా?

ఇంజనీర్ మాధవీలత


పాల్మాకుల,
21 జూలై 2025, సోమవారం పొద్దున

మామా,

నిన్నటి ఉత్తరం మొగులయ్యన్న ఇంట్లో ఇచ్చాను. ఇది ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లి ఇస్తాను. రెండూ కలిపి చదువు.

నిన్న సంతోషంలో ఒక మాట దాచాను. నీకు కాదు, నాకే దాచుకున్నాను. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు మా సాఫ్ట్‌వేర్ ఆగి మళ్లీ లేస్తుంది. లేచాక నిజంగా వేడిని చూస్తుందా, లేక తెర మీద పాత అంకెనే చూపిస్తూ కూర్చుంటుందా? నిర్మలక్క అడిగింది ఇదే. చూడ్డానికి ఇంకో వారం కావాలంది. వారమంటే ముహూర్తం దాటిపోతుంది. “ఏం కాదమ్మా, సంతకం పెట్టేయ్, తర్వాత చూసుకుందాం” అంటున్నారు శివశంకర్ సార్. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఈ గోదాం పోతే ఆఫీసు నడవడం కష్టం.

గోదాంలో ఉండేవి పూలో పండ్లో అయితే ఇంత ఆలోచించను. మందులు మామా. చెడిపోయినా చూడ్డానికి మంచివాటిలాగే ఉంటాయి, అలాగే ఎవరి ఒంట్లోకో పోతాయి.

సంతకం పెట్టనా, వద్దా? నువ్వు ఏదంటే అది చేస్తాను. గురువారం నీ మాట కోసం చూస్తాను.

మాధవి


నల్లమల
23 జూలై 2025

ఇంజనీరు మాధవీలత గారికి,

గట్ల రాస్తుంటె నా చెయ్యి ఆగుత లేదు బిడ్డా. నీ కార్డు అరుణ టీచర్‌కు సూపిన. పిల్లలు ఒగలెనుక ఒగలు పట్టుకోని సూసిన్రు. మీ అత్త దాన్ని దేవుని ఫోటో కాడ పెట్టింది.

దస్కత్ పెట్టు బిడ్డా. ఇంకేం సోంచాయించకు. పెద్దగ, అందరికి కనవడేటట్టు పెట్టు. ముప్పై ఏండ్లు ఇండ్లు కట్టిన, ఒక్క కాయితం మీద నా పేరు లేదు. గృహప్రవేశం నాడు బట్టలు పెడ్తరు, బువ్వ పెడ్తరు, పొమ్మంటరు. రెండేండ్లయినంక “ఎవరు కట్టిన్రు?” అంటె ఓనర్ పేరు చెప్తరు. మన ఇంట్ల ఒగల పేరు కాయితమెక్కుతున్నది. నువ్వు భయపడే పిల్లవు గాదు. బేఫికర్ పెట్టు.

మీ మామ యాదగిరి


పాల్మాకుల,
27 జూలై 2025, ఆదివారం

మామా,

గురువారం నీ ఉత్తరం అందింది. “ఇంకేం సోంచాయించకు” అన్నావు. రెండు మూడు సార్లు చదివాను. నిజం చెప్పనా, నువ్వు వద్దంటావనే అనుకున్నాను. స్లాబ్ విషయంలో నువ్వు ఎంత మొండివాడివో నాకు తెలియదా? అలాంటి నువ్వే పెట్టమన్నాక నాకు ధైర్యం వచ్చింది. నిర్మలక్కతో కూడా చెప్పాను, మా మామ పెట్టమన్నాడని. ఆమె నా ముఖం వైపు చూసి, వెళ్లి తన పని చేసుకుంది.

బుధవారం సంతకం పెడుతున్నాను. అత్తను దీవించమను.

మాధవి


నల్లమల
29 జూలై 2025

మాధవీ,

ఆగు. దస్కత్ పెట్టకు.

నీ ఇరవై ఒకటో తారీకు కాయితం నాకు ఇయ్యాల ముట్టింది. మొగులయ్య దాన్ని బండి అద్దం కాడ అమ్మవారి ఫోటో ఎనుక చెక్కి మరిచిపోయిండట. ఇయ్యాల రెండు కాయితాలు ఒక్కసారే ఇచ్చిండు. కార్డు ముచ్చట సూసి పెట్టుమన్న గని, కరెంటు ముచ్చట నాకేం ఎరుక? మందులని ఎరుకుంటె పెట్టుమంటనా?

మొగులయ్యను ఇప్పుడే తిరిగిపొమ్మన్న. సలాకలు దించక బండి కదలదంటున్నడు. కాళ్లు పట్టుకుంటనన్నా ఇంటలేడు. ఫోన్ కలిసే ఊరికి పోదామన్నా గీ బండి తప్ప ఇంకోటి లేదు. గురువారం గాని రాడు. నువ్వు బుధవారం అంటివి. నేను ఏం చెయ్యాలె ఇప్పుడు?

ఆ నిర్మలమ్మ మాట ఇను.

మామ


పాల్మాకుల,
10 ఆగస్టు 2025, ఆదివారం

మామా,

నీ ఉత్తరం గురువారం సాయంత్రం నా చేతికి వచ్చింది. సంతకం బుధవారమే అయిపోయింది. శుక్రవారం కొబ్బరికాయ కొట్టారు.

పోయిన ఆదివారం రాయడానికి కూర్చుని లేచాను. నిన్ను తిడతానేమో అనిపించింది. తిట్టాల్సింది నిన్ను కాదని ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం మధ్యాహ్నం వాన నీకు అక్కడ పడిందో లేదో. ఇక్కడ విమానాలు దిగలేక మన ఊరి మీదే చక్కర్లు కొట్టాయి. గోదాంలో కరెంటు పోయింది, జనరేటర్ లేచింది, మూడో గదిలో చల్లబరిచే మిషను మాత్రం లేవలేదు. మా తెర మీద నాలుగు డిగ్రీలనే ఉంది. నిర్మలక్క చెప్పింది చెప్పినట్టే, పాత అంకె. గంట కొట్టలేదు.

మరి ఎలా తెలిసిందంటావా? నిర్మలక్క ఓపెనింగ్ రోజున తన సంచిలో మామూలు థర్మామీటర్లు తీసుకెళ్లి ఒక్కో గది తలుపుకు ఒకటి వేలాడదీసిందట. అక్కడ ఊడ్చే సత్తెమ్మకు చూపించి, “గంటకోపారి సూడు అవ్వా, ఎనిమిది దాటితే నాకు ఫోన్ చెయ్” అని చెప్పి వచ్చిందట. ఎవరూ చెయ్యమనలేదు. నాకు కూడా చెప్పలేదు. సత్తెమ్మ ఫోన్ చేసినప్పుడు అంకె పద్నాలుగు. పెట్టెలన్నీ పక్క గదుల్లోకి మార్చారు. తలుపు దగ్గరున్న పన్నెండు పెట్టెలు మాత్రం పనికిరావని పారేశారు. ఒక్క పెట్టె కూడా బయటికి పోలేదు మామా. ఎవరికీ ఏమీ కాలేదు. సత్తెమ్మకు, నిర్మలక్కకు నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించి ఇచ్చినా సరిపోదు.

మర్నాడు శివశంకర్ సార్, తప్పు వాళ్ల జనరేటర్‌దని ఉత్తరం రాసి నన్ను సంతకం చెయ్యమన్నారు. కార్డు మీద ఇంజనీర్‌ని కదా. నా చెయ్యి లేవలేదు. వేరే కాగితం తీసుకుని నేనే గోదాం ఓనర్‌కు రాశాను. “కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో మేం చూడలేదు. చూడలేదని తెలిసీ సంతకం చేశాను. తప్పు నాది” అని. అప్పటి నుంచి సార్ నాతో మాట్లాడడం లేదు. ఉద్యోగం ఉంటుందో లేదో ఈ వారం తేలుతుంది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఇంజనీర్ అంటే ఎక్కడ కూలుతుందో ముందే అడిగే మనిషని నీకు నేనే రాశాను గుర్తుందా? మా ఆఫీసులో ఆ పని చేసిన మనిషి కార్డు మీద ఆ మాట లేదు. ఆ మాట ఉన్న మనిషి ఆ పని చెయ్యలేదు.

నీ ఉత్తరాన్ని అడ్డం పెట్టుకుని సంతకం పెట్టాను మామా. నువ్వు వద్దన్నా పెట్టేదాన్నేమో. కార్డు అంత బాగుంది.

మాధవి


నల్లమల
13 ఆగస్టు 2025

బిడ్డా,

నీ కాయితం సదివి ఇయ్యాల పనిల దిగలే. మీ అత్త ఏమైందని అడిగితె చెప్పిన. పన్నెండేండ్ల సంది చెప్పనిది గూడ చెప్పిన. ఇప్పుడు నీకు చెప్తున్న.

కందుకూరుల ఒక ఇల్లు కట్టిన. ఓనర్‌కు గృహప్రవేశం తొందర, ముహూర్తం దాటిపోతదన్నడు. కిటికి మీది సజ్జ పోసిన తొమ్మిదో నాడు, గట్టివడక ముందే, కింద దాన్ని మోసే సెంట్రింగ్ కట్టెలు ఇప్పిన. ఇప్పొద్దని నాకు ఎరుకనే. పొద్దుగాల ఇప్పిన, పగటీలి కూలింది. కింద ఐలయ్య ఉన్నడు, నా దగ్గర పని చేసేటోడు. కాలు ఇరిగింది. దవాఖానకు నేనే ఎత్తుకపోయిన.

అడగనీకి వచ్చినోళ్లు కాయితం సూసిన్రు. కాయితం మీద ఇంజనీరు దస్కత్ ఉన్నది. ఆయన గా ఇంటి మొకం సూడలే ఎన్నడు. ఆయనను అడిగిన్రు, ఆయన సిమెంటు మంచిగ లేదన్నడు. నన్ను ఎవ్వలు అడగలే. నా పేరు యాడ లేదు గద! నేను గూడ చెప్పలే. ఐలయ్యకు గూడ చెప్పలే. ఇప్పటికి కుంటుతడు. నన్ను సూస్తె అన్నా అని నవ్వుతడు. ఆ నవ్వుకు నేను తొవ్వ మార్చుకోని పోత.

ఆ దినం సంది ఎవడు మొత్తుకున్నా ఇరవై ఒక్క దినాలు కానిది నేను సెంట్రింగ్ ఇప్పుత లేను. అందరు యాదగిరి మొండోడు అంటరు. మొండితనం కాదు, భయం.

కాయితం మీద పేరు లేదని నీకు ఏడ్సుకుంట రాసిన సూడు, పేరు లేకపోవుట్ల నాకు మస్తు లాభమైంది. తప్పిచ్చుకున్న. నీకు పేరుండె. కార్డు ఉండె, జనరేటర్ ఉండె, బాస్ ఉండె, మీ మామ కాయితం ఉండె. అన్ని ఉన్నా నువ్వు తప్పిచ్చుకోలే. నేను నీ కంటె పెద్దోన్ని, నాకు గంత గుండె లేకపాయె.

ఉజ్జోగం పోతె పోనీ. బువ్వకు భయపడకు, నా రెక్కలు ఇంక ఉన్నయి. మీ అమ్మకు నువ్వే చెప్పు, నా లెక్క దాయకు.

ఈడ మా స్లాబ్ పోసి పది దినాలాయె. కాంట్రాక్టర్ ఇప్పుమంటున్నడు, ఆఫీసర్లు వస్తరట. నేను ఇప్పనని చెప్పిన. ఆ రిజిస్టర్ల “సెంట్రింగ్ ఇప్పేది మేస్త్రి యాదగిరి చెప్పినంకనే” అని రాయిచ్చి, కింద దస్కత్ పెట్టిన. బతుకుల మొదటిసారి.

నీ మామ


పాల్మాకుల,
31 ఆగస్టు 2025, ఆదివారం

మామా,

ముందు మంచి మాట చెబుతాను, ఉద్యోగం ఉంది. తర్వాత ఇంకో మంచి మాట, ఇంజనీర్ పోయింది. శివశంకర్ సార్ మళ్లీ డెవలపర్ చేశారు. మిగిలిన నూట తొంభై కార్డుల వెనక అమ్మ పాలచీటీలు, కిరాణా చీటీలు రాస్తోంది. అట్ట మందంగా ఉంది, బాగా ఆగుతుందంటోంది.

అమ్మకు చెప్పాను. నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను, తప్పైతే క్షమించు. “వాడు గందుకేనా కందుకూరు పెండ్లిళ్లకు రాడు” అని కళ్లు తుడుచుకుంది.

గోదాం ఓనర్ నా ఉత్తరం చదివి ఆఫీసుకే వచ్చాడు. వచ్చీ రాగానే గట్టిగా అరిచాడు, అరవాల్సిందే కదా. అరిచాక, “జనరేటర్ అని రాసుంటే నేను జనరేటర్ మార్చి ఊరుకునేవాణ్ణి, మళ్లీ వానకు మళ్లీ ఇదే అయ్యేది” అన్నాడు. పదిహేను రోజులు గడువిచ్చాడు. ఈసారి ముహూర్తం అడగలేదు. నేనూ నిర్మలక్కా గోదాంలోనే కూర్చుని నలభై సార్లు కరెంటు తీయించి పెట్టించాం. సత్తెమ్మ స్విచ్చు దగ్గర, మేం తెర దగ్గర. “ఇంక ఎన్నిసార్లే?” అని విసుక్కుంటూనే ఛాయ్ తెచ్చేది.

శుక్రవారం మళ్లీ కాగితం వచ్చింది. సంతకానికి ఒకటే గీత ఉంది. నేను దాని పైన ఇంకో గీత గీశాను. మొదట నిర్మలక్క పెట్టింది, కింద నేను పెట్టాను. ఓనర్ వాళ్ల అలవాటు ప్రకారం ఇంజనీర్ గారికని పళ్లెంలో చీర, జాకెట్టు ముక్క తెచ్చాడు, ఇల్లు కట్టిన మేస్త్రికి పెట్టినట్టు. నా చేతికివ్వబోతే నిర్మలక్కను చూపించాను. ఆమె మా ఆఫీసులో పదకొండేళ్లుగా పని చేస్తోంది మామా. ఇలా ఒకరు పెట్టడం ఇదే మొదటిసారట. చీర ఒళ్లో పెట్టుకుని, “మాధవీ, ఒక చిన్న డౌటు” అంది. నా గుండె ఆగింది. “ఈ రంగు నాకు నప్పుతుందా?” అంది.

నీకు కృతజ్ఞతలు చెబుదామని కూర్చుంటే అంతా వాళ్ల గురించే రాశాను. నీకు ఏమని చెప్పను? బండ బల్ల దగ్గర మొదలుపెడితే ఈ ఉత్తరం మొగులయ్యన్న బండి మోయలేదు. నీ పాత బాధ నాకు చెప్పినందుకు, ఆ చెప్పిన ధైర్యానికి, దండం మామా.

నీ మాధవి


నల్లమల
12 నవంబర్ 2025

మాధవికి మీ మామ, అత్త దీవెనలు.

హాస్టల్ అయింది. కార్తీక సోమవారం నాడు పిల్లలు లోపలికి వచ్చిన్రు. స్లాబ్ మీద వారం దినాలు నీళ్లు కట్టి సూసిన, సుక్క కారలే. శిలాఫలకం మీద పెద్దోళ్ల పేర్లున్నయి, నాది లేదు. ఈసారి నాకు రంది లేదు, రిజిస్టర్ల ఉన్నది నా దస్కత్. ఏమన్న అయితె నన్నే అడుగుతరు. గది సాలు.

దసరాకు వచ్చినప్పుడు ఒక పూట నేను కనవడలే యాదికున్నదా? మీకు చెప్పలే, కందుకూరు పోయిన. ఐలయ్య ఇంటి ముంగట కూసోని అంత చెప్పిన. తిట్టిండు. మస్తు తిట్టిండు. “పన్నెండేండ్లు పట్టిందా నీకు?” అన్నడు. తిట్టి తిట్టి, పెండ్లాన్ని పిలిచి నాకు అన్నం పెట్టుమన్నడు. తిన్న. గంత కారం కూర నేనెన్నడు తినలే, కండ్లల్ల నీళ్లు కారంకు వచ్చినయని చెప్పిన.

మొన్న పిల్లలు గృహప్రవేశం లెక్కనే నాకు బట్టలు పెట్టిన్రు. తలా ఇంత పోగు చేసి ధోతి, కండువ తెచ్చిన్రట. ధోతి నేను కట్టుకున్న. కండువ మొగులయ్యతోని నీకు పంపుతున్న. ఈసారి అమ్మవారి ఫోటో ఎనుక పెట్టొద్దని ఒట్టేయిచ్చుకున్న. కట్టిన మనిషికి, నిలబడి జవాబు చెప్పే మనిషికి పెట్టే బట్ట గది. నీ కుర్చీ మీద ఏసుకో.

ఆఖరు ముచ్చట. దావత్ కాడ అరుణ టీచర్ పిల్లలందరి ముంగట అడిగింది, “మేస్త్రీ, ఇంజనీరా, డెవలపరా, మీ కోడలు అసలు ఏం పని చేస్తది?” అని. జూలైల నిన్ను గిదే తేల్చుమని అడిగిన, నువ్వు ఇన్ని పేర్లు రాసి పంపినవు. ఒక్కటి గూడ నాకు యాదికి రాలే.

“మా కోడలు తను చేసింది నేనే చేసిన అంటది టీచరమ్మా, తప్పయినా సరే” అన్న. “గదే ఆమె పని.”

మామ